పడమటి గోడకు చిల్లుల రేకు

ఏప్రిల్ సగం దాటాక నల్లగొండ, పాలమూరు వైపు ఏ చిన్న ప్రభుత్వాఫీసుకైనా మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లి చూడండి. పడమటి కిటికీల అద్దాలకు పాత పేపర్లు అంటించి ఉంటాయి. పేపరు చాలని చోట అట్టపెట్టె చింపి టేపు వేసి ఉంటారు. ఆ టేపు ఒక మూల ఊడిందంటే బెత్తెడు వెడల్పు ఎండ లోపలికి దూరి సరిగ్గా టేబుల్ మీది ఫైలు మీద పడుతుంది. గుమాస్తా కుర్చీ జరుపుకుంటాడు. అరగంటకు మళ్లీ జరుపుకుంటాడు. బయట వరండాలో పడమటి అంచున కట్టిన సిమెంటు బెంచీ ఖాళీగా ఉంటుంది. వచ్చిన జనమంతా లోపలి గోడకు వీపు ఆనించి నిలబడతారు, నీడ ఉన్నది అక్కడే కాబట్టి.

కిటికీకి పేపరు అంటించిన మనిషికి ఎండను ఆపాలని తెలుసు. ఎక్కడ ఆపాలన్న దగ్గరే తేడా వచ్చింది. అద్దం దాటి వచ్చిన ఎండ పేపరును వేడెక్కిస్తుంది, పేపరు ఆ వేడిని తెచ్చి గదిలోనే వదులుతుంది. ఎండ వెలుగుగా అద్దంలోంచి సులువుగా లోపలికొస్తుంది గానీ, వేడెక్కిన వస్తువులు విడిచే వేడికిరణాలను అద్దం బయటికి పోనివ్వదు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు పొయ్యిలా మారడానికి ఇదీ ఒక కారణం. కర్టెన్లూ బ్లైండ్లూ ఎంత ఖరీదైనవి కట్టినా ఇదే కథ. నీడ అద్దానికి అవతల పడాలి.

చలువ పందిరి వేసేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. తాటాకు పందిరిని ఇంటికి అంటకుండా, నాలుగు వైపులా గాలి ఆడేలా వేస్తారు. ఆకుల సందుల్లోంచి కాస్త వెలుగు పడుతుంది, వేడిగాలి అక్కడే నిలిచిపోదు. ఆ పందిరినే నిలువుగా, గోడకు ఎదురుగా, లోహంతో కడితే అదే చిల్లుల రేకు తెర. రెండు మూడు మిల్లీమీటర్ల మందం అల్యూమినియం రేకుకో, జింకు పూత వేసిన స్టీలు రేకుకో మెషీన్ మీద వేల చిల్లులు కొట్టి, రంగు వేసి, ఫ్రేముకు బిగించి, గోడకు జానెడు నుంచి మూరెడు దూరంలో నిలబెడతారు. కిందా పైనా తెరిచి వదులుతారు. కొత్తగా కట్టే ఆసుపత్రులు, కాలేజీలు, ఆఫీసు భవనాల డ్రాయింగుల్లో ఇప్పుడు ఇది తరచూ కనిపిస్తోంది. కనిపించిన ప్రతిచోటా పనిచేస్తుందా అంటే చెప్పలేం. చాలాచోట్ల దాన్ని ఎలివేషన్ కోసం పెడుతున్నారు తప్ప ఎండ కోసం పెట్టడం లేదు.

రేకు మీద పడ్డ ఎండలో కొంత తిరిగి బయటికే పోతుంది. అది ఎంతన్నది రంగును బట్టి ఉంటుంది. లేత రంగైతే ఎక్కువ భాగం వెనక్కి కొడుతుంది, ముదురు బూడిద రంగైతే చాలావరకు తాగేస్తుంది. ఇంకొంత చిల్లుల్లోంచి లోపలికి వస్తుంది. మిగిలింది రేకును వేడెక్కిస్తుంది. ఇక్కడే రేకు పల్చదనం పనికొస్తుంది. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు చదరపు మీటరుకు 8 కిలోలు తూగుతుంది. మూడో వంతు చిల్లులుగా పోతే మిగిలేది అయిదున్నర కిలోలు. అదే చదరపు మీటరు తొమ్మిదంగుళాల ఇటుక గోడ 400 కిలోల పైమాటే. ఒక్క డిగ్రీ వేడెక్కడానికి గోడ మింగే వేడి, రేకు మింగేదానికి యాభై రెట్లకు పైనే ఉంటుంది. అందుకే రేకు నిమిషాల్లో కాగుతుంది, పొద్దు వాలితే నిమిషాల్లో చల్లారుతుంది. గోడ అలా కాదు. సాయంత్రం ఆరింటి దాకా మింగిన ఎండను రాత్రి భోజనాల వేళకు గదిలోకి కక్కడం మొదలుపెడుతుంది. పడమటి గదిలో పడుకున్న ఎవరికైనా ఈ అనుభవం ఉంటుంది. గోడకు చెయ్యి ఆనిస్తే రాత్రి పదింటికి కూడా జొన్నరొట్టె కాల్చిన పెనంలా వెచ్చగా తగులుతుంది.

నీడనిచ్చేది బరువుగా ఉంటే ఏమవుతుందో చండీగఢ్ చెబుతుంది. 1950ల్లో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే అక్కడి సచివాలయానికి ముందువైపు కాంక్రీటు పలకలతో ఎండ తెరలు కట్టించాడు. నీడ బాగానే పడింది. కానీ ఆ కాంక్రీటే పగలంతా వేడిని దాచుకుని సాయంత్రం భవనం మీదికి వదులుతుందన్న విమర్శ ఆ తెరలకు మొదటి నుంచీ ఉంది. పల్చటి లోహానికి ఆ గుణం లేదు.

రేకు వేడెక్కితే ఆ వేడి గోడకు తగలదా అన్నది సహజమైన ప్రశ్న. గోడకు, రేకుకు మధ్య వదిలిన సందు ఉన్నది అందుకే. రేకును తాకిన గాలి వేడెక్కి తేలికపడి పైకి లేస్తుంది, పై అంచు దగ్గర బయటపడుతుంది, కింది నుంచి కొత్త గాలి లాగబడుతుంది. ఇటుక బట్టీ చిమ్నీలో పొగను పైకి లాగే సూత్రమే ఇది, కాకపోతే మెల్లగా. చిల్లుల్లోంచి కూడా గాలి అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి రేకు మరీ కాలిపోదు. సందు లేకుండా రేకును నేరుగా గోడకు బిగిస్తే ఇదంతా ఉండదు, గోడకు ఇనప చొక్కా తొడిగినట్టు అవుతుంది. సందు ఉంచి, పైన అందం కోసం కాంక్రీటు సజ్జతోనో పట్టీతోనో మూసేసినా అంతే సంగతులు. వేడిగాలి పైన చిక్కుకుపోయి పై అంతస్తు కిటికీల ముందు నిలబడుతుంది. సైటులో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. డ్రాయింగులో తెరిచి ఉన్న పై అంచు, కట్టేటప్పుడు 'ఫినిషింగ్ బాగుంటుంది సార్' అన్న ఒక్క మాటతో మూసుకుపోతుంది.

ఎండ ఎటు నుంచి వస్తుంది

నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మహబూబ్‌నగర్ ఇంకాస్త దక్షిణాన. ఈ లెక్కన మే 7, 8 తేదీల్లో మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. ఆ తర్వాత ఆగస్టు 5 ప్రాంతం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. దీనివల్ల చాలామంది అనుకునే దానికి విరుద్ధమైన సంగతి ఒకటి తేలుతుంది. మండుటెండల మే నెలలో దక్షిణపు గోడకు నేరు ఎండ దాదాపు తగలదు, అడుగున్నర సజ్జ ఉంటే చాలు. చల్లటి వైపని పేరున్న ఉత్తరపు గోడకే పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. అసలు దెబ్బ మాత్రం తూర్పు, పడమరలకే. ఆ రెంటిలోనూ పడమరదే పెద్దది, ఎందుకంటే తూర్పు ఎండ పడే వేళకు గాలి ఇంకా చల్లగా ఉంటుంది. పడమటి ఎండ పడే వేళకు బయటి గాలే 43, 44 డిగ్రీల్లో ఉంటుంది, పైకప్పు అప్పటికే కాగి ఉంటుంది.

ఇక మన భవనాలు ఎటు చూస్తాయి? వాస్తు చూసి కడితే ఎక్కువగా తూర్పుకో ఉత్తరానికో. లేదంటే మెయిన్ రోడ్డు ఎటుంటే అటు. డబ్బంతా ముఖద్వారం వైపు పోతుంది. గ్లాసు, స్తంభాలు, మెరిసే షీట్లు, ఇప్పుడు చిల్లుల రేకులు, అన్నీ అటే. పడమర చాలా భవనాలకు వెనకవైపు అవుతుంది. అక్కడ మరుగుదొడ్ల పైపులు, ఏసీల బయటి యూనిట్లు, నీడ లేని బోడి గోడ. తూర్పు ముఖానికి అందమైన తెర కట్టి పడమటి గోడను వదిలేసిన భవనం, గొడుగు చంకన పెట్టుకుని ఎండలో నడిచినట్టు ఉంటుంది.

పడమటి కిటికీ ఎంత వేడి తెస్తుందో చిన్న లెక్క వేసి చూడొచ్చు. ఆసుపత్రి ఓపీ హాలుకు పడమటి వైపు 24 చదరపు మీటర్ల మామూలు అద్దం ఉందనుకుందాం. మేలో సాయంత్రం నాలుగింటికి ఆ వైపు చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతుందనుకుంటే, మామూలు అద్దం అందులో 80 శాతం దాకా లోపలికి వదులుతుంది. అంటే పదకొండున్నర కిలోవాట్లు. ఒక్కో కిలోవాటు హీటర్లు పదకొండు పన్నెండు హాలులో వెలిగించి పెట్టినట్టే. ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు పూర్తిగా పనిచేసినా, జనం వేడిని, గోడల వేడిని ముట్టుకోకుండా, కిటికీ ఎండను తోడిపోయడానికే చాలవు. సరిగ్గా కట్టిన తెర ఆ పదకొండున్నరను మూడో వంతుకో ఇంకా తక్కువకో దించుతుంది.

ఓపీ హాలులో ఏసీ ఎక్కడుంది అని అడిగేవాళ్లు ఉంటారు. నిజమే. ప్రభుత్వ భవనాల్లో ఏసీ ఉండేది సాహెబు గదిలో, కంప్యూటర్ల గదిలో, ఆపరేషన్ థియేటర్లో. సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని వచ్చిన ముసలాయన, బిడ్డను ఎత్తుకుని చీటీ కోసం వరుసలో నిలబడ్డ తల్లి ఉండేది వరండాలో. వరండాకు ఎవరూ ఏసీ పెట్టరు, పెట్టలేరు కూడా. అక్కడ చేయగలిగిందల్లా నీడ పరచడం, గాలి ఆడనివ్వడం. చిల్లుల రేకు మీద డబ్బు పెట్టడం సబబే అనిపించేది ఈ వరండాను చూసినప్పుడే. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 4 లక్షలకు పెంచింది. ఎండదెబ్బ పొలంలోనే తగలదు, వరుసలోనూ తగులుతుంది.

ఒక అడ్డుమాట. ఒకే అంతస్తు ఉన్న బడి, అంగన్‌వాడీ, సబ్‌సెంటర్ లాంటి వాటికి ముందు పైకప్పు సంగతి చూడాలి, ఎందుకంటే మే ఎండలో ఎక్కువ వేడి పడేది దాని మీదే. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ 2028 దాకా వర్తిస్తుంది, ప్రభుత్వ భవనాలకు చల్లటి పైకప్పును తప్పనిసరి చేసింది. స్లాబు మీద తెల్ల పూత పడని చోట గోడకు లోహపు తెర కట్టడం దండగ. మూడు నాలుగంతస్తుల కలెక్టరేట్లు, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల దగ్గర లెక్క మారుతుంది. పైకప్పు వేడి పై అంతస్తు వరకే, కింది అంతస్తులన్నిటికీ గోడే శత్రువు. పాలసీ పైకప్పు దగ్గర ఆగిపోయింది, గోడను పట్టించుకోలేదు.

చిల్లు ఎంత, రేకు మందం ఎంత

రేకులో ఎంత భాగం చిల్లులో చెప్పడానికి శాతం లెక్క వాడతారు. అయిదు మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు, ఒక చిల్లు మధ్య నుంచి పక్క చిల్లు మధ్యకు 8 మిల్లీమీటర్ల దూరం, వరసలు ఇటుక కట్టుబడిలా ఒకదాని సందులోకి ఒకటి వచ్చేలా కొడితే 35 శాతం తెరుపు, అంటే తెరిచి ఉన్న భాగం, వస్తుంది. అవే చిల్లులను నిలువు, అడ్డ వరసల్లో సూటిగా కొడితే 31 శాతం దగ్గర ఆగుతుంది. పడమరకు 25 నుంచి 40 మధ్యలో ఏదైనా వాడుకోదగ్గదే. ఇరవైకి దిగితే లోపల పట్టపగలు లైట్లు వేయాల్సి వస్తుంది, యాభై దాటితే నీడ పేరుకే మిగులుతుంది.

కానీ శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎండ గోడకు ఎప్పుడూ సూటిగా కొట్టదు. గోడకు నేరుగా ఎదురు కొట్టే ఎండను సున్నా డిగ్రీలు అనుకుంటే, నల్లగొండలో మే నెల మూడు గంటల ఎండ పడమటి గోడను 45, 50 డిగ్రీల ఏటవాలున తాకుతుంది, అయిదింటికి 25 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ఏటవాలుగా వచ్చే ఎండకు చిల్లు అంచు అడ్డు తగులుతుంది. మూడు మిల్లీమీటర్ల మందం రేకులో మూడు మిల్లీమీటర్ల చిల్లు ఉంటే 45 డిగ్రీలు దాటిన ఎండ అసలు దూరనే దూరదు. చిల్లు తన గోడతో తానే సజ్జ పట్టినట్టు. రెండు మిల్లీమీటర్ల రేకులో పది మిల్లీమీటర్ల చిల్లు కొడితే అదే ఎండలో దాదాపు ముప్పావు వంతు దూసుకొస్తుంది. మధ్యేమార్గంగా మూడు మిల్లీమీటర్ల రేకులో అయిదు మిల్లీమీటర్ల చిల్లు తీసుకుంటే మూడు గంటలకు పావు వంతు, అయిదింటికి మూడింట రెండొంతులు వస్తుంది. 35 శాతం తెరుపులో పావు వంతంటే, గోడ దాకా చేరే నేరు ఎండ నూటికి తొమ్మిది పాళ్లే. తెర బయట కళ్లు చిట్లించే వెలుతురు ఉన్నా లోపల పేపరు చదువుకునేంత మెత్తటి వెలుగు మిగులుతుంది. పెద్ద పెద్ద చిల్లులతో పువ్వులు, బతుకమ్మ బొమ్మలు కొట్టించిన రేకులు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. ఎండకు మాత్రం అవి తలుపు తీసి పెడతాయి. బొమ్మ కావాలంటే చిన్న చిల్లుల చిక్కదనం పెంచి తగ్గించి వేయించుకోవచ్చు, మెషీన్‌కు రెండూ ఒకటే.

వెలుగును మలచడం ఈ నేలకు కొత్తేమీ కాదు. నల్లగొండ పక్కనే పానగల్లులో కుందూరు చోళుల నాటి ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనక ఒక స్తంభపు నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు తిరిగినా నీడ తిరగదు. నేరు ఎండను గర్భగుడిలోకి రానివ్వకుండా, స్తంభాల మధ్య చెదిరిన వెలుగును మాత్రం పంపడంలో ఉంది ఆ కిటుకు. నేరు ఎండ ఎలా ప్రవర్తిస్తుందో, చెదిరిన వెలుగు ఎలా ప్రవర్తిస్తుందో తెలిసిన శిల్పి పని అది.

రాత్రి తలుపు

తెర గురించి పెద్దగా ఎవరూ మాట్లాడని లాభం ఒకటుంది. అది పగటిది కాదు, రాత్రిది. ముందు పగటి సంగతి సూటిగా చెప్పుకోవాలి. తెర ఎండను ఆపుతుంది గానీ గాలిని చల్లబరచదు. బయట 44 డిగ్రీల వడగాలి వీస్తుంటే చిల్లుల్లోంచి వచ్చేదీ 44 డిగ్రీల వడగాలే. 'గాలాడే తెర' అనగానే కిటికీలు బార్లా తీసి కూర్చుంటే లోపలివాళ్లు ఉడికిపోతారు. మే నెలలో పదకొండు నుంచి అయిదింటి దాకా తెర వెనక కిటికీలు మూసే ఉంచాలి. గోడ నీడలో ఉంటుంది, అద్దం నీడలో ఉంటుంది, లోపల ఫ్యాన్లు తిరుగుతాయి. ఆ వేళ అంతకుమించి ఆశించకూడదు.

అసలు చల్లదనం తెల్లవారుజామున దొరుకుతుంది, గాలి పగటికన్నా పదిహేను డిగ్రీల దాకా దిగే గంటల్లో. ఆ గాలిని రెండు మూడు గంటలు లోపల తిరగనిస్తే గోడలు, స్లాబు చల్లబడి మధ్యాహ్నం దాకా ఆ చల్లదనాన్ని దాచుకుంటాయి. మన ఆఫీసులు చేసేది దీనికి సరిగ్గా తిరగేసి. సాయంత్రం అయిదున్నరకు అటెండరు ప్రతి కిటికీ బోల్టు బిగించి తాళం వేసి పోతాడు. కంప్యూటర్లున్నాయి, రికార్డులున్నాయి, దొంగల భయం, వానజల్లు భయం. పగటి వేడంతా రాత్రంతా లోపల నానుతుంది. పొద్దున పదింటికి తలుపు తీస్తే నిన్నటి మధ్యాహ్నం ఎదురొస్తుంది. గట్టిగా బిగించిన చిల్లుల రేకు ఇక్కడ గ్రిల్లు పని కూడా చేస్తుంది. దాని వెనక కిటికీలు రాత్రంతా తెరిచి ఉంచినా మనిషి దూరలేడు, జల్లు నేరుగా పడదు. దోమల కోసం కిటికీకి వల ఉంటే చాలు. అయితే ఎవరు తీస్తారు, ఎవరు మూస్తారు అన్నది రేకు తేల్చే విషయం కాదు, వాచ్‌మన్ డ్యూటీ కాగితంలో రాయాల్సిన విషయం.

రాత్రికి సంబంధించి తెరతో ఒక నష్టం కూడా ఉంది. బోడి గోడ రాత్రి ఆకాశానికి తన వేడిని నేరుగా వదిలేస్తుంది, తెర దానికి కొంత అడ్డుపడుతుంది. అందువల్లే సందు పైకీ కిందకీ తెరిచి ఉండటం పగటికన్నా రాత్రికి ఇంకా ముఖ్యం.

విదేశీ బొమ్మలు చూసి ఇక్కడ కట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2007లో పూర్తయిన ఫెడరల్ భవనం చిల్లుల స్టీలు తెరకు ప్రసిద్ధి, పై అంతస్తుల్లో చాలా భాగం ఏసీ లేకుండా గాలితోనే నడుస్తుంది. కానీ అది వేసవిలోనూ చలిగాలి వీచే సముద్రపు ఒడ్డు ఊరు. మనకు అక్కడి నీడ పనికొస్తుంది, అక్కడి గాలి దొరకదు. పారిస్‌లో ఆర్కిటెక్ట్ జాన్ నువెల్ డిజైన్ చేసిన, 1987లో పూర్తయిన అరబ్ సంస్థ భవనానికి కెమెరా కంటిపాపలా తెరుచుకుని ముడుచుకునే లోహపు కిటికీలు పెట్టారు. మోటార్లు మొరాయించడంతో అవి చాలా ఏళ్లు కదలకుండా ఉండిపోయాయి. బోరు మోటారు కాలితే వారం పట్టే చోట గోడకు మోటార్లు పెట్టుకోవడం కోరి తెచ్చుకునే టెన్షన్.

కోతి, పావురం, దుమ్ము

కాగితం మీద తెరను చెడగొట్టేది ఎండ కోణం. సైటులో చెడగొట్టేవి వేరు. దక్షిణ తెలంగాణలో కోతులు లేని ఊరు వెతుక్కోవాలి. మూడంతస్తుల ఎత్తున ఫ్రేముకు అడ్డకమ్మీలు బయటికి కనిపించేలా కడితే అది కోతులకు నిచ్చెన. కమ్మీలు లోపలి వైపు, నున్నటి రేకు బయటి వైపు రావాలి, అయిదారు మిల్లీమీటర్ల చిల్లులో కోతి వేలు పట్టదు. ఇక ఆ సందు పావురాలకు కట్టించిన సత్రం. పైనా కిందా తెరిచి ఉంచాలి అన్నాం కదా, తెరిచిన చోట గాలి ఆడే స్టీలు జాలీ బిగించకపోతే రెండేళ్లలో సందంతా రెట్టలతో, పుల్లలతో నిండుతుంది. ఆసుపత్రి కిటికీ ముందు అది మరీ ప్రమాదం. తేనెపట్లు, కందిరీగల గూళ్లు కూడా అంతే. మనిషి దూరి కడగాలంటే సందు మూరెడు చాలదు, రెండు అడుగులైనా ఉండాలి. లేదంటే రేకులను బోల్టు విప్పి తీసేలా, తలుపులా తెరుచుకునేలా బిగించాలి.

దుమ్ము ఇంకో రకం. పాలమూరు ఎర్రమట్టి దుమ్ము తెల్ల రేకును గోధుమరంగుకు తెచ్చి, ఎండను వెనక్కి కొట్టే గుణాన్ని తగ్గిస్తుంది. తొలకరి కడిగితే చాలావరకు పోతుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము అలా పోదు. తడిసిన సిమెంటుకు క్షారగుణం ఉంటుంది, అది బోడి అల్యూమినియంను తింటుంది. అక్కడ మంచి పౌడర్ కోటింగ్ తప్పనిసరి. చిల్లు కొట్టాకే పూత వేయాలి. పూత వేసిన రేకుకు చిల్లు కొడితే ప్రతి చిల్లు అంచూ బోడిగా మిగులుతుంది. స్టీలు రేకైతే తుప్పు మొదలయ్యేది ఆ అంచుల్లోనే.

అల్యూమినియం ఫ్రేముకు మామూలు ఇనప బోల్టు వేస్తే తడి తగిలినప్పుడల్లా రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియం కరుగుతూ పోతుంది. స్టెయిన్‌లెస్ బోల్టు, మధ్య నైలాన్ వాషరు వేయాలి. మూడు మీటర్ల అల్యూమినియం రేకు చలికాలపు తెల్లవారుజాముకు, మే మధ్యాహ్నానికి మధ్య మూడు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. బోల్టు చిల్లు కోడిగుడ్డు ఆకారంలో లేకపోతే రేకు ఉబ్బుతుంది, రాత్రుళ్లు టక్ టక్ మని చప్పుడు చేస్తుంది. మే నెల సాయంత్రాల ఈదురుగాలికి చిల్లులున్నాయి కదా గాలి దూరిపోతుందిలే అని బిగింపు తేలిగ్గా తీసుకోవద్దు. మూడో వంతు తెరుపు ఉన్నా రేకు మీద గాలి తోపు పెద్దగా తగ్గదు. బ్రాకెట్లు బీముకో స్లాబు అంచుకో బిగించాలి, ఇటుక గోడకు మేకు కొట్టి వేలాడదీయకూడదు.

ఇక నిప్పు. వేడిగాలిని పైకి లాగే సందే మంటనూ పైకి లాగుతుంది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది చనిపోవడానికి కారణం గోడకు తొడిగిన షీట్ల లోపలి ప్లాస్టిక్, వాటి వెనక ఉన్న సందు. మన ఊళ్లలో షాపుల ముందు మెరిసే ఏసీపీ షీట్లలో చాలావాటికి రెండు పల్చటి అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్కే ఉంటుంది. దానికి చిల్లులు కొట్టి తెరగా కడితే చవకగా వస్తుంది, చూడ్డానికి తేడా తెలియదు కూడా. ఆసుపత్రికి, బడికి అలాంటిది కట్టకూడదు. పూర్తి లోహం రేకే వాడాలి, సందును ప్రతి అంతస్తు దగ్గరా విడగొట్టి ఒక్కో అంతస్తుకు దాని గాలి దానికే వచ్చిపోయేలా చేయాలి. చిమ్నీ ఎత్తు తగ్గి గాలి లాగుడు కాస్త తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఇన్ని జాగ్రత్తల తర్వాత, చవగ్గా అయ్యే పని వేరే లేదా అంటే ఉంది. పడమటి వైపు స్థలం ఉంటే రెండు వరసల వేప, కానుగ చెట్లు ఏ రేకుకన్నా మేలు. చెట్టు ఆకుల నుంచి నీరు ఆవిరి చేసి చుట్టూ గాలినే చల్లబరుస్తుంది, రేకు ఆ పని చేయలేదు. మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాల్లో పరుచుకున్న పిల్లలమర్రి కిందికి మే నెలలో వెళ్లినవాళ్లకు నీడకూ చల్లటి నీడకూ తేడా ఏమిటో తెలుస్తుంది. కాకపోతే చెట్టుకు పదేళ్లు కావాలి, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అది మిగలాలి. కొత్త భవనం అయితే జాలీ ఇటుకల గోడ ఉంది, మన మేస్త్రీలకు చేతనైన పని. బరువు వల్ల కొంత వేడి దాచుకుంటుంది గానీ గోడకు దూరంగా కడితే అది పెద్ద ఇబ్బంది కాదు. ఒక్క అంతస్తు వరండాకైతే రేకు కన్నా జాలీ గోడే న్యాయం. నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్ ఒక వేసవికి ఆదుకుంటుంది, మొదటి ఈదురుగాలికి చిరిగి వైర్లకు వేలాడుతుంది. చిల్లుల రేకు తన ఖరీదుకు తగ్గ పని చేసేది ఇప్పటికే కట్టేసిన, చెట్టుకు చోటు లేని, రెండు మూడంతస్తుల భవనాల పడమటి గోడ మీద.

అలాంటి చోట మొత్తం గోడకు ఒకేసారి టెండరు పిలవక్కర్లేదు. ఒకేలాంటి రెండు పడమటి గదులు చూసుకుని ఒకదానికి ఫిబ్రవరిలో తెర కట్టి, రెండు గదుల్లో గోడ లోపలి వైపు ఒక్కో థర్మామీటరు వేలాడదీసి, మే నెలంతా రోజుకు మూడుసార్లు, అంటే పొద్దున పదింటికి, సాయంత్రం అయిదింటికి, రాత్రి తొమ్మిదింటికి వాచ్‌మన్ చేత నోటుబుక్కులో రాయించవచ్చు. అయిదింటి అంకె నీడ ఎంత పనిచేసిందో చెబుతుంది, తొమ్మిదింటి అంకె గోడ ఎంత మింగిందో చెబుతుంది, మర్నాడు పదింటి అంకె రాత్రి కిటికీలు నిజంగా తెరిచారో లేదో చెబుతుంది.